చెదపురుగు నేర్పే పాఠం

“అల్లాహ్ దేనినీ వృథాగా సృష్టించలేదంటారు కదా, మరి చెదపురుగు వల్ల ప్రయోజనమేమిటి?” చాలా ఇళ్ళల్లో వినిపించే ప్రశ్నే ఇది. ద్వారబంధాన్ని తొలిచేస్తుంది. బీరువాలోని దీనీ పుస్తకాలనూ వదలదు. చేనులో వేరుశనగ మొక్కను వేరు దగ్గరే కొరికేస్తుంది. నష్టపోయినవారికి కోపం రావడం సహజమే. కాని, మనకు నష్టం చేసేదంతా వ్యర్థమేనా?

ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాల వెళ్ళే దారిలో ఎండాకాలం నల్లమలను చూడండి. నేలంతా ఎండుటాకులే. ఏటా రాలే ఈ ఆకులు, విరిగిన కొమ్మలు, కూలిన మానులు ఏమైపోతున్నాయి? తడి ఉన్నచోట బూజు, సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెట్టి మట్టిలో కలుపుతాయి. మన సీమలో ఆ తడి కొద్ది నెలలే. ఎడారుల్లో అదీ అరుదే. ఇలాంటి నేలల్లో ఆ బాధ్యతను చాలావరకు మోసేది చెదలే. పుట్టలు పెట్టే చెదలు లోపల తేమను కాపాడుకుంటూ, తెచ్చుకున్న ఎండుపుల్లల మీద ఒక రకం బూజును పెంచుతాయి. బూజు కట్టెను మెత్తబరిస్తే తింటాయి. వానలు పడ్డాక పుట్టల మీద లేచే గొడుగులు ఆ బూజువే. వాటి సొరంగాల గుండా వాననీరు గట్టినేలలోకి ఇంకుతుంది. చచ్చిన చెట్టు సారం బతికున్న చెట్టుకు చేరుతుంది. సుబ్‌హానల్లాహ్!

దివ్యఖుర్ఆన్‌లోనూ ఈ జీవి ప్రస్తావన ఉంది (సబా: 14). హజ్రత్ సులైమాన్ (అ) చేతికర్రకు ఆనుకుని ఉండగానే మరణించారు. జిన్నులు ఆ సంగతి తెలియక చాకిరీ చేస్తూనే ఉన్నారు. నేలపురుగు ఆ కర్రను తినేయగా ఆయన దేహం ఒరిగింది. అగోచర జ్ఞానం జిన్నులకు లేదని అప్పుడు తేటతెల్లమైంది. ఆ పురుగు చెదపురుగేనని వ్యాఖ్యాతలు వివరించారు. ఎంత అల్పజీవి చేత ఎంత గొప్ప సత్యాన్ని చాటించాడు అల్లాహ్!

అయితే చెదలను చంపకూడదా? ఇంటికి, పంటకు కలిగే హానిని తొలగించుకోవడానికి షరీఅత్ అనుమతిస్తుంది. కాని హద్దు మీరరాదు. తనను కుట్టిన ఒక్క చీమ కోసం ఒక ప్రవక్త చీమల పుట్టనే కాల్పిస్తే అల్లాహ్ మందలించాడని బుఖారీ హదీసు తెలుపుతోంది. వాసానికి పట్టిన చెదలకు మందు వేయడం వేరు, బంజరులో ఎవరికీ అడ్డురాని పుట్టకు నిప్పుపెట్టడం వేరు. మొదటిది అవసరం, రెండవది అహంకారం.

రేపు మన దేహాన్ని మట్టిలో కలిపేదీ ఇలాంటి అల్పజీవులే. అప్పుడు మన వెంట మిగిలేవి మన ఆచరణలే. సృష్టిలో దేనినీ చులకనగా చూడని వినయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.