తక్కెడ కింద చింతపండు

ఉయ్యూరులో మా కొట్టు గల్లాపెట్టె పైన వేంకటేశ్వరస్వామి పటం ఉండేది. నాన్న తెల్లారే తలుపులు తీసి, గుమ్మంలో నీళ్లు చల్లి, తక్కెడకు పసుపు రాసి, పడికట్టు రాళ్లకు వరసగా బొట్లు పెట్టి, పటానికి అగరొత్తులు వెలిగిస్తేగానీ బోణీకి ఒప్పుకునేవాడు కాదు. బడి వదిలాక సాయంత్రం రెండు గంటలు నేను కూర్చునేవాణ్ణి. పద్నాలుగో ఏట, ఒకరోజు, ఉసిరికాయంత చింతపండు ముద్ద తీసి సరుకు పోసే పళ్లెం కింద అంటించాను. ఎవరూ నేర్పలేదు. కిరాణా కొట్లో పెరిగినవాడికి ఆ విద్య ఊరికే అబ్బుతుంది. పావుకిలో కందిపప్పుకు ఓ ఇరవై గ్రాములు మిగిలేది. అలా మిగిలిన పప్పు నేనే మళ్లీ అమ్మి, ఆ డబ్బులు నేల టికెట్టుకు దాచుకునేవాణ్ణి. పైనున్న స్వామి సంగతి ఆలోచించకపోలేదు. ఆయన కళ్లను నామం కప్పేసి ఉంటుంది కదా, కనపడదులే అనుకున్నాను.

దేవుడే లేకపోతే మనిషికి అడ్డేముంది, ఏదైనా చేస్తాడు అని ఎవరైనా అన్నప్పుడల్లా (దోస్తోయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' చదివినవాళ్లు మరీ ధీమాగా అంటారు) నాకు ఆ పటమే గుర్తొస్తుంది. మా కొట్లో దేవుడు ఉండగానే జరిగింది.

చెరుకు నరికే రోజుల్లో ఒక ముసలావిడ రోజు విడిచి రోజు పప్పుకు వచ్చేది. అరచేతులు చెరుకు ఆకు కోసిన గీతలతో నల్లగా ఉండేవి. ఒక సాయంత్రం నేను పొట్లం కడుతుంటే పళ్లేన్ని చేత్తో కొంచెం పైకెత్తి అడుగు చూసింది. బొటనవేలితో ఆ ముద్దను ఒకసారి నొక్కింది. మళ్లీ వదిలేసి, ఊగుతున్న గొలుసుల్ని పట్టుకుని ఆపింది. నా మొహం చూడలేదు. "పద్దు రాసుకోండి అబ్బాయిగారూ" అని పొట్లం కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. మూడోనాడు మళ్లీ వచ్చింది.

నాన్నకు చెప్పలేదు, నలుగురిలో అల్లరి పెట్టలేదు. ఎంత దొడ్డ మనసో అని చాలా ఏళ్లు అనుకున్నాను. పెద్దయ్యాక గానీ తట్టలేదు: కూలివాళ్లకు అరువిచ్చే కొట్టు ఆ వీధిలో మాదొక్కటే. నేను దొడ్డ మనసనుకున్నది గతిలేనితనం.

ఆ సీజను చివర్లో తక్కెడ తోముతూ నాన్న ముద్దను పట్టుకున్నాడు. నాలుగు తగిలించాడు. ఆయన జన్మలో తూకం తగ్గించిన మనిషి కాదు, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మరుసటేడు తిరుపతి వెళ్లినప్పుడు ముడుపుతో పాటు నా పేర పదకొండు రూపాయలు హుండీలో వేసి, "పోయిందిరా నీ పాపం, ఇంకెప్పుడూ చేయకు" అన్నాడు. నిజంగానే మళ్లీ చేయలేదు. అక్కడికి దేవుడి భయం పనిచేసిందనే చెప్పాలి. కానీ మా చిట్టా భాషలో చూస్తే నాన్న చేసిందేమిటి? ఒకరికి తీర్చాల్సిన బాకీ ఇంకొకరి ఖాతాలో జమ కట్టాడు. జీవితమంతా జమాఖర్చులు రాసినవాడు, ఇంకెవరి విషయంలోనూ ఆ పొరపాటు చేసేవాడు కాదు.

ఆ జమ అందుకున్నాయన కూడా అప్పుల్లోనే ఉన్నాడన్నది ఇందులో తమాషా. పద్మావతితో పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడనే కదా వడ్డికాసులవాడన్నాం! ఈ కథ కట్టినవాడెవడో గానీ షావుకార్ల వీధి బాగా ఎరిగినవాడు. దేవుడంతటివాడికీ అప్పు మాఫీ కాలేదు, ఇచ్చినవాడికే తీర్చాలి. కథ ఇంత విడమర్చి చెబుతుంటే, మనం హుండీ ముందు నిలబడే సరికి దాన్నే మరిచిపోతాం.

కాలేజీ చదువుకు విజయవాడ వెళ్లాక పటమటలోని నాస్తిక కేంద్రం వైపు తిరగడం మొదలుపెట్టాను. దాన్ని పెట్టిన గోరాగారు 1975లోనే పోయారు. నేను వెళ్లేసరికి ఆయన భార్య సరస్వతిగారు, పిల్లలు నడుపుతున్నారు. గోరా వృక్షశాస్త్రం చెప్పే మేష్టారు, నాస్తికుడన్నందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1940లో ఆ దంపతులు కేంద్రం పెట్టింది మా ఊరికి దగ్గర్లోని ముదునూరులోనే అని తెలిసినప్పుడు, ఇంత దగ్గర వాడినై ఉండి వినలేదే అనిపించింది. దయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్లలో కాపురం ఉండటం, గర్భంతో ఉండి గ్రహణం చూడటం లాంటి ముచ్చట్లు ఆ వయసులో బాగా నచ్చేవి. ఇప్పుడు వాటికన్నా ఒక పెళ్లి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకుంటే, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నాడు గాంధీ. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఉన్నచోట సత్యం అని మార్చడానికీ ఒప్పుకున్నాడు. రోజూ రాముణ్ణి తలిచే మనిషి! పెళ్లినాటికి ఆయన లేడు. 1948 మార్చిలో, హత్య జరిగిన కొద్ది వారాలకే, సేవాగ్రామ్‌లోనే పెళ్లి అయింది. గోరా, గాంధీ ఇద్దరిలో ఎవరూ ఎదుటివాణ్ణి తనవైపు తిప్పుకోలేదు. ఆ అమ్మాయి, ఆ అబ్బాయి పీటల మీద కూర్చోవడమే ముఖ్యమన్నచోట మాత్రం కలిశారు.

స్టువార్టుపురం సంగతీ అంతే. దొంగల కులాలని ముద్రవేసిన వాళ్లను తెచ్చి పెట్టిన ఆ ఊళ్లో 1910లలో పనిచేసింది సాల్వేషన్ ఆర్మీ, క్రీస్తు పేరు మీద. 1970లలో వెళ్లింది కవి జాషువా కూతురు హేమలతా లవణం, ఏ దేవుడి పేరూ ఎత్తకుండా. దేవుడి ఊసు లేకుండా మంచి చేయగలరా అన్న ప్రశ్నకు ఇంతకన్నా దూరం పోయి జవాబు వెతకక్కర్లేదు. నాకు ఎప్పుడూ మిగిలిపోయే ప్రశ్న వేరు. చెడు చేశాక ఏం చేయాలి?

దేవుణ్ణి వదిలేస్తే బరువు దిగుతుందనుకున్నాను. వదిలిన మర్నాడే నాన్న వేసిన పదకొండు రూపాయలు చెల్లకుండా పోయాయి. రద్దయిన పద్దు మళ్లీ చిట్టాలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాన్ని కొట్టేయగలిగిన చెయ్యి లోకంలో ఒక్కటే, ఆ చెరుకు గీతల చెయ్యి. నాస్తికుడికి పట్టపగ్గాలుండవనేవాళ్లు ఈ సంగతి ఎందుకు చూడరో తెలియదు. గోదావరిలో మూడు మునకలు అతనికి లేవు, గుండు లేదు, పొర్లుదండం లేదు. దెబ్బతిన్నవాడి గుమ్మం ఒక్కటే ఉంది.

అయితే ఇది నాస్తికుల సొత్తేమీ కాదని మా ఎదురింటి సాయిబుగారు చూపించారు. హజ్‌కు బయల్దేరే ముందు ఆయన ఇల్లిల్లూ తిరిగారు. మా కొట్టుకూ వచ్చి, ఎప్పటిదో పద్నాలుగు రూపాయల పాత బాకీ గుర్తుపెట్టుకుని నాన్న చేతిలో పెట్టి, "షావుకారుగారూ, తెలిసో తెలియకో ఏమన్నా అని ఉంటే మాఫ్ చేయండి" అని నిలబడ్డారు. తన విషయంలో చేసిన తప్పును అల్లా క్షమిస్తాడట; తోటి మనిషికి చేసినదాన్ని ఆ మనిషే క్షమించాలట. యూదుల ప్రాయశ్చిత్త దినానికీ ఇదే నియమం ఉందని తర్వాత చదివాను. బౌద్ధంలో, ఎందరినో చంపిన అంగుళిమాలుడు అర్హంతుడయ్యాక కూడా భిక్షకు వెళ్లి రాళ్లదెబ్బలు తిని, తల పగిలి నెత్తురోడుతూ తిరిగొస్తాడు. బుద్ధుడు అతనికి చెప్పింది ఓర్చుకోమనే. మన శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాలతో ఆగకుండా నాలుగోది, మనుష్య ఋణం, లెక్కపెట్టింది. మిగతా మూడింటి గురించి విన్నంతగా దాని గురించి మనం వినం. ఎందుకో ఊహించడం కష్టం కాదు, అది తీర్చడానికి పురోహితుడు పనికిరాడు.

జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న, నిజం చెప్పాలంటే, నన్ను పెద్దగా వేధించలేదు. మన భాషలో అర్థమంటే డబ్బు కూడా. కొట్లో పెరిగినవాడికి ఆ రెండూ కలిసిపోయే వినిపిస్తాయి. నేను ఎవరెవరికి బాకీ పడి ఉన్నానో పొద్దున లేవగానే గుర్తొస్తుంది. చదువు చెప్పిన మేష్టార్లు, బియ్యం పండించినవాళ్లు, అలిగి మాట్లాడటం మానేసిన చెల్లెలు. ఆ జాబితా చాలు, రోజు గడవడానికి. నాకు జవాబు దొరకనిది ఒక్కటే. బాకీ పడ్డ మనిషి చచ్చిపోతే? నమ్మినవాళ్లకు పైలోకం ఉంది, అక్కడ కలుస్తారు. నాకది లేదు. ఏ తర్కంతోనూ ఆ ఖాళీ పూడలేదు, పూడినట్టు నటించలేను.

పోయినేడు ఉయ్యూరు వెళ్లాను. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్లు దాటిందట. మనవడు దొరికాడు, ఆటో నడుపుతాడు. అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అంతా చెప్పాను. లెక్క కూడా వేసుకుని వెళ్లాను: సీజనంతా, రోజు విడిచి రోజు, ఇరవై గ్రాముల చొప్పున, డెబ్బై ఐదుసార్లు. కిలోన్నర. అతను నవ్వాడు. నేను తీసిన కవరు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాకెందుకండీ? మీరు బాకీ పడింది మామ్మకి. నేను తీసుకుంటే చెల్లుతుందా?"

నాకు మాట రాలేదు. కాసేపటికి అతనే అన్నాడు: "అంతగా ఉంటే ఓ కిలోన్నర పప్పు పట్టుకురండి. మా ఆవిడ చారు పెడుతుంది, భోంచేసి వెళ్దురు గాని."

వీధి చివర కొట్టుకు వెళ్లాను. ఇప్పుడు కరెంటు కాటాలు. కుర్రాడు పప్పు పోస్తుంటే ఎర్రంకెలు మారుతూ మారుతూ వచ్చి ఒకటిన్నర దగ్గర నిలిచాయి. అతని వెనక గోడ మీద స్వామి పటం, అదే నామం. నేను వంగి కాటా పళ్లెం కిందికి చూస్తున్నానని ఆ కుర్రాడు, "ఏం పడిపోయిందండీ?" అని అడిగేదాకా నాకు తెలియలేదు.