దయ వేఱు, మైల వేఱు

గడచిన సంక్రాంతికి మా అల్లుడు బెంగళూరు నుండి క్రొత్త కారులో ధర్మపురికి వచ్చెను. అది విద్యుచ్ఛక్తితో నడచునది, మిక్కిలి ఖరీదయినది. చప్పుడు లేదు, పొగ లేదు. మా వీధి కుక్కలు సైతము అది ముక్కు దగ్గరకు వచ్చువరకు లేవలేదు. ఇంటివారమందరము చుట్టును చేరి చూచితిమి. నేను లోపలి సీటుపై చేయి వేసితిని. వెన్నవలె మెత్తగా నుండెను.

"మంచి తోలు" అంటిని.

"తోలు కాదు మామా. ఈ సీటు కోసం ఒక్క ప్రాణి కూడా చావలేదు. దీన్ని వీగన్ లెదర్ అంటారు" అని అల్లుడు సంతోషముతో చెప్పెను.

డెబ్బదియైదేండ్ల మా అక్కయ్య ఆ మాట విని, "తోలు కాదా నాయనా? అట్లయితే తీర్థమల గుడికి దీంట్లోనే వస్తాను. మైల లేదు గదా!" అనెను.

"తోలు కాకపోతే మరి ఇదేమిటి తాతయ్యా?" అని మనుమరాలు అడిగెను.

"రెక్సినమ్మా" అంటిని. అల్లుడు కొంచెము చిన్నబుచ్చుకొనెను.

నేను ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసినవాడను. మా కార్యాలయమున అధికారి కుర్చీకి రెక్సిను, మా కుర్చీలకు పేము. ఆ రెక్సిను చినిగిన చోట కొబ్బరి పీచు వెలుపలికి తొంగిచూచుచుండెడిది. కావున నాకు ఆ పేరే నోటికి వచ్చినది. అయితే ఆ దినమున నా మనస్సులో నిలిచినది సీటు పేరు కాదు. అల్లుడును అక్కయ్యయు ఒకే సీటును మెచ్చుకొనిరి. అల్లుని మాట దయనుండి పుట్టినది. అక్కయ్య మాట మైల యను భావమునుండి పుట్టినది. ఈ రెండును ఒక్కటేనా? కానిచో, ఆ సీటు ఈ రెండింటిలో దేనిని తీర్చుచున్నది? ఈ ప్రశ్ననే చదువరుల ముందుంచుచున్నాను.

మొదట దయ సంగతి. ఈ విషయమున కార్ల కంపెనీలలో గొప్ప మార్పు వచ్చిన మాట వాస్తవము. అమెరికాలోని టెస్లా సంస్థ వాటాదారుల సభలో 2015వ సంవత్సరమున, కార్లలో తోలు వాడుక మానవలెనని ప్రతిపాదన వచ్చి ఓడిపోయినది. ఓడిపోయినను వ్యర్థము కాలేదు. కొలది సంవత్సరములలోనే ఆ సంస్థ తన సీట్లకు తోలు మానినది. స్వీడను దేశపు వోల్వో సంస్థ, ఇకమీదట తన విద్యుత్ కార్లన్నిటిలోను తోలు ఉండదని 2021 సెప్టెంబరులో ప్రకటించినది. 2022లో మెర్సిడెస్ సంస్థ ప్రదర్శించిన ఒక నమూనా కారులో పుట్టగొడుగు పోగులతోను, మన చేలగట్లపై పెరుగు నాగజెముడు జాతి మొక్కతోను చేసిన వస్తువులను తోలునకు బదులుగా వాడిరి. నోరులేని ప్రాణిని తలచుకొని మనుష్యుడు తన సుఖమును కొంత మార్చుకొనుట చిన్న విషయము కాదు. దానిని నేను పరిహసింపను.

దీనికి ఎదురుమాటయు కలదు. తోలుకొరకే పశువును చంపువారు అరుదు. మాంసమునకై చంపగా మిగిలినదే చర్మము. దానిని పారవేయుటకంటె వాడుట మేలు గదా అందురు. ఇందులో కొంత నిజము కలదు. అయినను చర్మమునకు వచ్చు ధర పశువు వెలలో ఒక భాగమే గనుక, కొనువానికి ఆ వధతో సంబంధమే లేదనుటకు వీలులేదు. గాంధీమహాత్ముడు దీనికి వేఱొక త్రోవ చూపెను. తమంత తాము చచ్చిన పశువుల చర్మములనే పదునుచేసి వాడవలెనని చెప్పి, సబర్మతి ఆశ్రమములో ఆ పని పెట్టించెను. తానే చెప్పులు కుట్ట నేర్చి, దక్షిణాఫ్రికాలో తన్ను చెరలో పెట్టించిన జనరల్ స్మట్సునకు తన చేత కుట్టిన జతను కానుకగా నిచ్చెను. ఆయనకు తోలుపై దయయు ఉండెను. తోలును ముట్టుటకు సంకోచము లేకుండెను. ఈ రెండును ఒకే మనస్సులో ఇముడునని దీనివలన తెలియుచున్నది.

దయ పశువుతో ఆగిపోరాదు. ఏటి నీటికిని అందులో పాలుండవలెను. మన పొరుగున పారు పాలారు నది కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, కుప్పము సీమలోని తెలుగుపల్లెలను దాటి, తమిళనాట వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల మీదుగా సముద్రమునకు పోవుచున్నది. ఆ మూడు ఊళ్ళును తోళ్ళ పరిశ్రమకు పేరుపొందినవి. పూర్వము తోళ్ళను తంగేడు చెక్కతోను కరక్కాయతోను వారముల తరబడి లందలలో నానవేసి పదునుచేసెడివారు. మన మెట్టభూములలో బంగారువలె పూయు ఆ తంగేడే. భోగినాడు వేపరెమ్మతో కలిపి మనము ఇంటి చూరునకు కట్టుచున్న ఆ పూవే. తరువాత క్రోమియము లవణములు వచ్చెను. వారముల పని దినములలో ముగిసెను. తోలు మెత్తనయ్యెను, చవుకయ్యెను. ఆ క్రోమియమును, అంతకు మించిన ఉప్పును ఏటిలోనికిని బావులలోనికిని దిగెను. 1996 ఆగస్టు 28వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఆ పరిశ్రమ ప్రాంతమున సుమారు 35,000 హెక్టారుల భూమి కొంతగానో పూర్తిగానో సాగునకు పనికిరాకుండ పోయినదని ఒక సర్వేనుబట్టి పేర్కొనబడినది. ఒక కిలో తోలు తయారగుటకు సుమారు 35 లీటర్ల నీరు పట్టునని కూడ అందు కలదు. కలుషితము చేసినవాడే దాని మూల్యము చెల్లింపవలెనను న్యాయమును ఆ తీర్పు మన దేశమున స్థిరపఱచినది. అయినను 2025 జనవరిలో అదే పాలారు కష్టము మరల ఆ న్యాయస్థానమునకు రావలసివచ్చెను.

మరి రెక్సిను నిర్దోషియా? నాటి రెక్సిను గుడ్డపై రసాయనపు పూత. నేటి వీగన్ తోలులో అధిక భాగము గుడ్డపై పూసిన పాలియురిథేను లేక పీ.వీ.సీ. ఈ రెండును ముఖ్యముగా భూగర్భమునుండి తీసిన చమురు, సహజవాయువుల బిడ్డలే. పెట్రోలు మానుటకై కొన్న కారులో పెట్రోలియపు సీటుపై కూర్చుందుము! పశువు చావలేదన్న మాట నిజమే. కాని ఆ సీటు కూడ చావదు; మట్టిలో పాతిపెట్టినను అది మట్టి కాదు. వేఱుదారి లేకపోలేదు. 2013లో వచ్చిన బీ.ఎం.డబ్ల్యు. ఐ3 యను విద్యుత్ కారులో ఒలీవ ఆకుల సారముతో పదునుచేసిన తోలు వాడిరి. మన పెద్దల తంగేడుచెక్క విద్యకు అది దూరపు చుట్టము. కావున దయ పక్షమున చూచినచో, ఈ సీటు పుణ్యము, ఆ సీటు పాపము అని ఒక్క గీత గీయ వీలులేదు. ఏ సీటైనను దాని వెనుక నున్న ప్రాణిని, నీటిని, మట్టిని లెక్కలోనికి తీసికొని, కొన్నదానిని చిరకాలము వాడుకొనుటయే దయ అని నాకు తోచుచున్నది.

ఇక మైల సంగతి. దీనిని గూర్చి వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది, అందుచేతనే వ్రాయవలెను.

నా చిన్ననాడు మా పల్లెలో బావికి కపిల యుండెడిది. ఎడ్లు ఏటవాలు బాటలో క్రిందికి దిగగా, తోలు తొండముగల బాన నీటితో పైకి వచ్చి కాలువలో క్రుమ్మరించెడిది. వరి ఆ నీటితో పండెడిది. మేము ఆ నీటినే త్రాగెడివారము. తొండము చినిగినపుడు ఊరి వెలుపలి వీధినుండి ఒక పెద్దాయన వచ్చి, గట్టున కూర్చుండి కుట్టెడివాడు. ఆయన మాతో తెలుగే మాటలాడెడివాడు. నిజము చెప్పవలెనన్న మా ఇంటి తెలుగుకంటె ఆయన తెలుగులో అరవము తక్కువ. ఆయన నన్ను "సామీ" అనెడివాడు. పదేండ్లవాడనైన నేను ఆయనను "ఏరా" అనెడివాడను. దప్పికయైనపుడు ఆయన బావిని ముట్టరాదు. దోసిలి పట్టగా, నేను ఎత్తునుండి చెంబుతో నీరు పోసితిని. ఆ నీరు ఆయన కుట్టిన తోలులోనుండి వచ్చిన నీరే. ఆ తోలు మాకు మైల కాలేదు. కుట్టిన చేయి మాత్రము మైల అయినది.

తరువాత కరెంటు మోటార్లు వచ్చెను. కపిల దూలమునకు వ్రేలాడి, ఎలుకల పాలయ్యెను. రబ్బరు చెప్పులు, రెక్సిను సంచులు వచ్చెను. ఆ వీధివారి చేతినుండి తోలుపని జారిపోయినది. ఆ పెద్దాయన కుమారుడు పట్టణమునకు వచ్చి పారిశుద్ధ్యపు పనిలో చేరెను. అతడు బహుశా తన జన్మలో ఒక పశుచర్మమునైనను ముట్టి యుండడు. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక టీ అంగడిలో అతనికి వేఱు గ్లాసులో టీ ఇచ్చుట కంటితో చూచితిని. అతడు నన్ను గుర్తుపట్టి నమస్కరించెను. నేను ఏమియు అనలేదు. నా గ్లాసులో టీ త్రాగి, డబ్బు చెల్లించి, వచ్చివేసితిని.

తోలే మైలకు కారణమైనచో, తోలు పోయిననాడే మైలయు పోవలసినది. తోలు పోయినది, మైల పోలేదు. అనగా అది ఏనాడును తోలులో లేదు; చూచువాని కంటిలో నున్నది. తోలులో లేని మైలను తోలు లేని సీటు ఎట్లు తొలగించును?

ఈ సత్యమును మాటలతో గాక బ్రదుకుతో చూపిన తెలుగువాడొకడు కలడు. గుంటూరు జిల్లా యలవర్రు గ్రామమున 1922లో రైతు కుటుంబమున పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు, తరతరములుగా ఇతరులు ముక్కు మూసికొని తొలగిపోయిన తోలుపనినే తన విద్యగా ఎన్నుకొనెను. మదరాసు అడయారులో 1948లో స్థాపింపబడిన కేంద్ర తోళ్ళ పరిశోధనాసంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నుండి, ఆ విద్యకు లోకమున గౌరవము తెచ్చెను. పరిశోధనాఫలము పల్లెలో తోలు పదునుచేయు పేదవానికి అందవలెనని ఆయన పట్టుదల. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించెను. వేఱొక కులమువాడు చేపట్టగానే అదే తోలు శాస్త్రమైనది. తరతరములుగా చేసినవానికి మాత్రము అది కళంకముగా మిగిలినది. ఇందులో తప్పు నాయుడమ్మగారిది కాదు, మనది.

తమిళనాట తోలుపనితో పేరు ముడిపడిన అరుంధతీయులలో అనేకులు ఇంట తెలుగు మాటలాడువారే. షెడ్యూల్డు కులములకు గల నూటికి 18 వంతులలో 3 వంతులు వారికి ప్రత్యేకించుచు 2009లో ఈ రాష్ట్రము చట్టము చేసినది. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీంకోర్టు దానిని నిలిపినది. ప్రభుత్వము తనవంతు లెక్క చూచినది. మనవంతు మాటేమిటి? మన సంఘపు సభ్యుల జాబితాను చాలయేండ్లు నేనే వ్రాసితిని. తెలుగు మాటలాడువారందరును మనవారే అని ప్రతి ఉగాదికి వేదికపై చెప్పుకొందుము. ఆ వీధికి ఆహ్వానపత్రిక ఒక్కటియు పోలేదు. ఎవ్వరును పంపవద్దని చెప్పలేదు. పంపవలెనని నాకును తోచలేదు. జాబితా వ్రాసిన చేయి నాది గనుక ఆ లోపమును నాదే.

పండుగ మఱునాడు ఆ కారులోనే తీర్థమలకు వెళ్ళితిమి. మైల లేని సీటుపై కూర్చుండి అక్కయ్య గుడి చేరెను. లోపల డోలు మ్రోగుచుండగా అందరము హారతి కన్నుల కద్దుకొంటిమి. తిరిగి వచ్చునపుడు, "అక్కయ్యా, ఆ డోలుకు మూసినది ఏమిటి?" అని అడిగితిని. ఆమె చాలసేపు కిటికీలోనుండి చూచుచుండి, "మన కపిల కుట్టిన ఆయన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారురా?" అనెను.

ఎక్కడ నున్నారో నాకు తెలియును. వారి ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. అల్లుని సీటు అల్లుడు ఉంచుకొనవచ్చును. అతని దయ మంచిదే, పెంపొందవలసినదే. కాని ఆ సీటు మా ఇంటి పాత బాకీకి రసీదు కాదు. రాబోవు ఉగాదికి ఆ ఇంటికి ఆహ్వానపత్రికను తపాలాలో పంపను, నేనే తీసికొనిపోదును. వారు గ్లాసుతో నీరిచ్చినచో కూర్చుండి త్రాగి వత్తును. వస్తారో రారో, రమ్మనుటకు ఇంత ఆలస్యమేమని అడుగుదురో, వారి ఇష్టము. అడిగినచో చెప్పుటకు నావద్ద సమాధానము లేదు; ఈ వ్యాసము మాత్రము ఉన్నది.