ఎదుగుచున్నవారి ప్రశ్నలు

పఠనభాగము: లూకా 2:41–52



ప్రభువు శిశువుగా నుండిన దినములనుగూర్చియు, ఆయన పరిచర్య చేసిన దినములనుగూర్చియు సువార్తలలో చదువుచున్నాము. ఆ రెంటికి నడుమ ఆయన ఎదిగిన కాలమునుగూర్చి లూకా ఒక్క సంభవమునే వ్రాసి యుంచెను. ఆ సంభవములో రోగి స్వస్థపడలేదు, తుఫాను అణగలేదు. పండ్రెండేండ్ల బాలుడు దేవాలయములో పెద్దల నడుమ కూర్చుండెను, వారు చెప్పినది వినెను, వారిని ప్రశ్నలడిగెను. అంతే.

మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? ఐదేండ్ల బిడ్డ "దేవుడు ఎందుకు కనబడడు?" అని అడిగినయెడల ముద్దుపెట్టుకొని పొరుగువారికి చెప్పుకొందుము. ఆ బిడ్డయే పదునెనిమిదేండ్లవాడై ఆ ప్రశ్నయే అడిగినయెడల "వీడు చెడిపోయినాడు" అందుము. ప్రశ్న మారలేదు, వయస్సు మారినది. కాబట్టి ఎదుగుచున్నవాని ప్రశ్న అవిశ్వాసమా, లేక విశ్వాసము ఎదుగు మార్గమా అనునది మనము తీరికగా ఆలోచింపదగిన సంగతి.

దీనిని ఆలోచించుటకు ఒక పాటల సంపుటిని మీ యెదుట పెట్టుచున్నాను. అది మన కీర్తనల పుస్తకములోనిది కాదు, మన భాషలోనిదియు కాదు. అమెరికా దేశమందలి న్యూయార్కు పట్టణములో, కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు కలిసికొన్న నలుగురు యువకులు దానిని పాడిరి. వారి గుంపు పేరు వాంపైర్ వీకెండ్. సంపుటి పేరు మోడరన్ వాంపైర్స్ ఆఫ్ ది సిటీ. 2013వ సంవత్సరము మే నెలలో అది విడుదలయ్యెను. వాంపైర్ అనగా కథలలో రక్తము పీల్చు పిశాచి గనుక ఈ పేరు విని కొందరు ముఖము చిట్లింతురని యెరుగుదును. ఆ గుంపులో ముఖ్య గాయకుడైన ఎజ్రా కోనిగ్ విద్యార్థిగా నున్నప్పుడు తీయ మొదలుపెట్టి, ముగింపక విడిచిన ఒక చిన్న సినిమాకు పెట్టిన పేరే తరువాత గుంపునకు వచ్చినది. అంతకు మించి అందులో భయపడవలసినది లేదు.

వారు పాడు రీతిని ఇండీ పాప్-రాక్ అందురు. గిటారు, డ్రమ్ములు, పియానో మొదలగు వాద్యములతో పాడు పాశ్చాత్య జనసంగీతమిది. ఇండీ అనగా స్వతంత్రమైనదని భావము. లోకమంతట సంగీతపు వ్యాపారమును చేతపట్టుకొన్న మహా కంపెనీల క్రింద కాక, ఎక్స్ఎల్ రికార్డింగ్స్ అను స్వతంత్ర కంపెనీ ద్వారా వారు తమ పాటలను వెలువరించిరి. అయినను విడుదలైన మొదటి వారములోనే అమెరికాలో ఈ సంపుటి సుమారు 1,34,000 ప్రతులు అమ్ముడుపోయి, ఆ దేశపు పట్టికలో మొదటి స్థానమునకు వచ్చెను. 2014 జనవరిలో గ్రామీ బహుమానమును పొందెను. దీనినిబట్టి ఎందరు యౌవనులు ఈ పాటలలో తమ మనస్సును కనుగొనిరో ఊహింపవచ్చును.

నాకు దీనిని చూపినవాడు పట్టణమున చదువుకొనుచున్న మా మేనల్లుడు. సెలవులకు వచ్చినప్పుడు, "మావయ్యా, ఇందులో దేవునితోనే మాట్లాడిన పాట ఒకటి ఉన్నది, వినండి" అనెను. మొదటిసారి నాకు వాద్యముల హోరే వినబడెను. మాటలను కాగితముమీద వ్రాసి యిమ్మంటిని. కాగితము చేతపట్టుకొని రెండు మూడు మారులు విన్న తరువాత, పండ్రెండు పాటలును ఒక యౌవనుని ఎదుగుదలను చెప్పుచున్నవని తెలిసినది.

ఎదుగుదల అని ఎందుకనుచున్నాననగా, ఇది ఆ గుంపువారి మూడవ సంపుటి. 2008లో వచ్చిన మొదటిదానిలో కళాశాల ఆవరణముగూర్చిన పాట యున్నది, వ్రాతలో పెట్టు కామా గురుతునుగూర్చి కూడ ఒక పాట యున్నది! రెండవది 2010లో వచ్చెను. ఈ మూడింటిని కలిపి ఒక త్రయముగా చూడవలెనని పాడినవారే చెప్పిరి. మూడవదానికి వచ్చునప్పటికి వారు ముప్పది యేండ్ల దగ్గరకు వచ్చిరి. కామాను విడిచి మరణమునుగూర్చి, కాలమునుగూర్చి, దేవునిగూర్చి పాడిరి. సంపుటి అట్టమీది ఛాయాచిత్రము 1966 నవంబరులో న్యూయార్కును కమ్మిన విషపు పొగలో మునిగిన మేడలను చూపును. దానిని తీసినవాడు న్యూయార్క్ టైమ్స్ పత్రికకు పనిచేసిన నీల్ బోయెంజి. చిన్ననాటి తేటదనము పోయి, ముందున్న దారి కనబడని వయస్సునకు ఆ బొమ్మ చక్కగా తగినది.

ఇక పాటలలోని సంగతులను మూడింటిని చూతము.

మొదటిది, ఆశ్రయము కోరుట. ఇందులో ఎవర్‌లాస్టింగ్ ఆర్మ్స్ అను పాట యున్నది. నిత్యమైన బాహువులని దాని యర్థము. ఆ మాట ద్వితీయోపదేశకాండము 33:27 లోనిది. ఆ వచనమునుండియే 1887లో ఆంటనీ షోవాల్టర్, ఎలీషా హాఫ్‌మన్ అనువారు ప్రసిద్ధమైన ఆంగ్ల కీర్తనను కట్టిరి. షోవాల్టరు పూర్వ శిష్యులిద్దరు తమ భార్యలు చనిపోయిరని ఆయనకు ఉత్తరములు వ్రాయగా, వారిని ఓదార్చుటకు మాట వెదకుచు ఆయన ఆ వచనమును తలంచుకొనెను. అనగా ఆ కీర్తన ఏడ్పులోనుండి పుట్టినది. క్రొత్త పాటలోని యౌవనుడు ఒకమారు నన్ను నా దారిని విడువుమనును, మరియొకమారు ఆ బాహువులతో నన్ను పట్టుకొనుమనును. ఇదేమి నిలుకడలేని మాట అని తోచవచ్చును. కాని యెదిగిన బిడ్డలు గల తలిదండ్రులకిది క్రొత్త కాదు. చేయి పట్టుకొన్న విదిలించుకొనును, విడిచిన వెదకుకొనును. తప్పిపోయిన కుమారుడును ఆస్తి పంచుకొని వెళ్లినవాడే, తిరిగి తండ్రియొద్దకు వచ్చినవాడే.

రెండవది, వయస్సునుగూర్చిన ప్రశ్న. స్టెప్ అను పాటలో, జ్ఞానము గొప్ప వరమే గాని మనుష్యుడు దానినిచ్చి యౌవనమును కొనగోరునను భావము వచ్చును. వయస్సు గౌరవమే గాని వయస్సు చెప్పినదెల్ల సత్యము కాదని కూడ అందులో తోచును. ఇది విని పెద్దలకు కోపము రావచ్చును. నెరసిన వెండ్రుకలు కిరీటమని సామెతల గ్రంథము 16:31 చెప్పుట లేదా? చెప్పుచున్నది. అయితే యోబు గ్రంథము 32వ అధ్యాయములో చిన్నవాడైన ఎలీహు పెద్దలు మాటలు ముగించువరకు ఓపికతో కాచుకొని, వృద్ధులు మాత్రమే న్యాయమెరుగుదురనుట సరికాదని పలికెను. రెండు మాటలును ఒకే బైబిలులో నున్నవి. మొదటిది పిల్లలు నేర్చుకొనవలసినది, రెండవది పెద్దలు జ్ఞాపకముంచుకొనవలసినది. మనము తరచుగా మొదటిదానిని మాత్రమే బోధింతుము.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, దేవునితో వాదము. ఈ సంపుటి మొదటి భాగమున అన్‌బిలీవర్స్, అనగా అవిశ్వాసులు, అను పాట యున్నది. దానిలో యౌవనుడు తనను అవిశ్వాసులలో లెక్కించుకొని, ఈ కృపలో నావంటివానికి ఒక చుక్కయైనను ఉన్నదా అను ధోరణిలో అడుగును. అక్కడ దేవునిగూర్చి మాటలాడుచున్నాడు. చివరి భాగమున యా హే అను పాట వచ్చును. అక్కడ దేవునితోనే మాటలాడుచున్నాడు. ఆ పేరు పలుకగా యెహోవా నామమునకు ఇంగ్లీషువారు చేయు ఉచ్చారణవలె చెవిని పడును. నిర్గమకాండము 3వ అధ్యాయములో మండుచున్న పొదనుండి దేవుడు మోషేకు తెలిపిన ఆయన నామముకూడ ఆ పాటలో స్మరింపబడినది. లోకము నిన్ను ప్రేమింపలేదే, నీవైనను నీ పేరు తేటగా చెప్పవేమి అని అతడు ఒక విధముగా నిష్ఠూరమాడుచు, మరియొక విధముగా దేవుని నిమిత్తమై జాలిపడుచున్నాడు.

ప్రియులారా, ఈ రెండు పాటల నడుమనున్న దూరమే నేను చెప్పగోరిన సంగతి. ఒకనిగూర్చి మాటలాడుట వేరు, వానితో మాటలాడుట వేరు. తండ్రిమీద అలిగిన కుమారుడు వీధి అరుగుమీద కూర్చుండి పదిమందితో ఆయన తప్పులెన్నిన, ఇల్లు దూరమగును. లోపలికి వచ్చి "నాన్నా, ఎందుకిట్లు చేసితివి?" అని యేడ్చిన, ఇల్లు నిలుచును. గొంతు రెండుచోట్లను బిగ్గరగానే యుండును. మనుష్యుడు ఎదుగుట ప్రశ్నలు మానుట కాదు, ప్రశ్నను ఎవరి ముఖము చూచి అడుగవలెనో తెలిసికొనుటయే ఎదుగుట.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "సందేహమును రాగముతో పాడిన, వినువారిలో సందేహమును విత్తినట్లు కాదా?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. సందేహమును నగవలె ధరించి, తాము లోతుగలవారమని చూపుకొనువారు ఏ కాలమందును కలరు. అట్టి పాటయు కలదు. కాని 88వ కీర్తనను తెరచి చూడుడి. అది మొరతో మొదలై చీకటిలోనే ముగియును. ఇతర విలాప కీర్తనలలోవలె చివర స్తోత్రమైనను లేదు. దానిని ఇశ్రాయేలీయులు దాచిపెట్టలేదు. కోరహు కుమారుల కీర్తనగా ప్రధానగాయకుని చేతికిచ్చిరి. విలపించువాడు ఒంటరిగా విలపింపకుండునట్లు సమాజమే వాని గొంతును తన గొంతుగా చేసికొనెను. పాడబడిన సందేహము వెలుగులోనికి వచ్చును. దానికి ఎవరైనను జవాబు చెప్పవచ్చును, వానితోకూడ ఎవరైనను కూర్చుండవచ్చును. నోరు మూయబడిన సందేహము లోపలనే కుళ్లును. పాట విని ఒకడు విశ్వాసము విడిచెననుట మనకు సులభము. అడుగుటకు చోటు దొరకక నిశ్శబ్దముగా వెళ్లిపోయినవానిని మనము లెక్కించుట లేదు. ఆరాధనకు వచ్చుచుండిన యౌవనుడు ఒక ఆదివారము మాని, మరియొక ఆదివారము మాని, తుదకు పండుగకు మాత్రము వచ్చును. వాడు ఏమి అడుగగోరెనో ఎవరికిని తెలియదు.

ఒక జాగ్రత్త కూడ చెప్పవలెను. ఈ గాయకులను మనము బలవంతముగా బోధకులను చేయరాదు. కోనిగ్ యూదుల కుటుంబములో పుట్టినవాడు. ఈ సంపుటిని నిర్మించుటలో ముఖ్యుడైన రోస్తమ్ బత్మాంగ్లీజ్ ఇరాను దేశమునుండి వచ్చినవారి కుమారుడు. వారు క్రీస్తును ప్రకటించుటకు పాడలేదు, పాడినట్లు మనము చెప్పుట అబద్ధమగును. వారి పాటలో జవాబు లేదు, ప్రశ్న మాత్రమే యున్నది. అయినను ప్రశ్నను యథార్థముగా అడుగుట కూడ ఒక మేలే, దానిని మేలని ఒప్పుకొనుటకు మనము వెనుదీయనక్కరలేదు.

సంపుటి చివరను యంగ్ లయన్ అను బహు చిన్న పాట యున్నది. దాని నిడివి రెండు నిమిషములైనను లేదు. దానికి ముందు వచ్చు హడ్సన్ అను పాట 1611లో తన నావికులచేతనే కుమారునితోకూడ చిన్న పడవలో సముద్రముమీద విడువబడి, మరల కనబడకపోయిన హెన్రీ హడ్సనును తలపించును. దానిలో గడియారపు చప్పుడు కూడ వినబడును. కాలము మించిపోవుచున్నదను ఆ భయము తరువాత, ఈ చిన్న పాట కొదమసింహమువంటి యౌవనుని తొందరపడవద్దని మెల్లగా బుజ్జగించును. ఇన్ని ప్రశ్నల తరువాత ఆ యౌవనుడు విన్న మాట గద్దింపు కాదు. నిదానముగా ఎదుగుము అనునదే.

మన సంఘములలోని పెద్దలు కూడ ఈ మాట చెప్పగలరా? దేవాలయములోని ఆ బోధకులు పండ్రెండేండ్ల బాలుని "నీకేమి తెలియును, పొమ్ము" అని పంపివేయలేదు. వానిని తమ నడుమ కూర్చుండనిచ్చి, వాని మాటలు విని ఆశ్చర్యపడిరి. మరియ తన కుమారుని మాట గ్రహింపకపోయినను దానిని కొట్టివేయక హృదయములో దాచుకొనెను. గ్రహింపలేని మాటను దాచుకొనుట కూడ ఒక విశ్వాసక్రియయే. మార్కు 9:24 లోని తండ్రి తన విశ్వాసమును, అవిశ్వాసమును ఒకే గొంతుతో ప్రభువునొద్దకు తెచ్చెను. ప్రభువు వానిని వెనుకకు పంపలేదు.

కాబట్టి తలిదండ్రులారా, ఈ నెలలో ఒక సాయంకాలము మీ బిడ్డ వినుచున్న పాటను మీరును అడిగి వినుడి. మాటలు తెలియనిచో వానినే చెప్పుమనుడి. వెంటనే తీర్పు చెప్పకుడి. యౌవనులారా, మీరును మీ ప్రశ్నను అరుగుమీద విడువక, దేవుని యెదుటికి తెచ్చి అడుగుడి. అడుగుచున్నంతకాలము మీరు ఆయన సన్నిధిలోనే యున్నారని మరువకుడి.