చేపను పట్టినదెవరు?

తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియ అనే పాఠం ఒకటి ఉన్నది. 'పట్టుట' వేరు, 'పట్టించుట' వేరు. చిన్న ప్రత్యయం ఒకటి చేరగానే వాక్యంలోకి రెండవ మనిషి ప్రవేశిస్తాడు. పెద్ద వయసులో సాయంకాల తరగతులకు వెళ్ళి తెలుగు నేర్చుకొన్న మాకు ఇది చాలాకాలం వ్యాకరణ పాఠంగానే ఉండినది. ఇందులో నీతి కూడా ఉన్నదని కువైట్ సముద్రం మీద తెలిసినది.

గడచిన శీతకాలంలో మా అల్లుడు ఒక పడవ కుదిర్చి, మమ్మల్ని, మా మనవడిని కుబ్బర్ దీవి వైపు చేపల వేటకు తీసుకొని వెళ్ళినాడు. పడవతో పాటు సరంగును కూడా కిరాయికి మాట్లాడుకొన్నాము. అతడు శ్రీకాకుళం తీరం నుండి వచ్చినవాడు. లంగరు ఎక్కడ వేయాలి, గాలం ఏ లోతున నిలపాలి, ఎరను ఎట్లా గుచ్చాలి, అన్నీ అతడే చూచుకొన్నాడు. మనవడి గాలం కదలగానే వాడి మణికట్టు మీద చేయి వేసి, "ఇప్పుడే లాగకు బాబూ, మింగనీ" అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఇక లాగు" అన్నాడు. హమూర్ చేప పడవలోకి వచ్చినది.

ఇంటికి వచ్చి ఛాయాచిత్రం చూచుకొన్నాము. అందులో మనవడు ఉన్నాడు, చేప ఉన్నది, మేమూ ఉన్నాము. సరంగు చేయి మాత్రం మోచేతి వరకు ఒక అంచున కనిపిస్తున్నది. ఆ చిత్రం కింద మనవడు 'నేను పట్టిన చేప' అని తెలుగులో వ్రాసినాడు. వాక్యంలో అక్షరదోషం లేదు, అన్వయదోషం లేదు. అయినా దిద్దడానికి అలవాటుపడిన మా కలం అక్కడ ఆగిపోయినది.

తెలిసినవానిని వెంటబెట్టుకొని వేటకు వెళ్ళే వేడుక లోకమంతటా ఉన్నది. అలాస్కాలోని హోమర్ రేవుకు దూరప్రాంతాల నుండి మనుషులు హాలిబట్ అనే చేప కోసం వస్తారు. అది చదునైన చేప. పుట్టినప్పుడు దాని కళ్ళు చెరియొక వైపున ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండవ వైపునకు చేరుతుంది. అప్పటి నుండి ఆ చేప ఒక ప్రక్కకు ఒరిగి, చల్లని సముద్రపు అడుగున పడుకొని, రెండు కళ్ళతో పైకి చూస్తూ బ్రతుకుతుంది. రెండు వందల కిలోలు దాటి పెరిగేవి కూడా ఉన్నాయి. దానిని పైకి తేవడానికి బలమొక్కటే చాలదు. ఆ నీటిని ఎరిగినవాడు ప్రక్కన ఉండాలి.

చేప మాత్రమే కావలసినవారు అంత దూరం వెళ్ళనక్కరలేదు. మనకూ షర్క్ చేపల బజారు ఉన్నది. మరి మనిషిని లాగుతున్నది ఏమిటి? తన ఉద్యోగంలో, తన ఇంట్లో అన్నీ తెలిసినవాడుగా మెలగవలసిన మనిషి, ఆ పడవలో మళ్ళీ విద్యార్థి అవుతాడు. కంటికి కనబడని లోతును, తెలిసినవాని మాట నమ్మి, ఒక దారంతో తాకుతాడు. ఈ ఆకర్షణను మేము తక్కువ చేయము. నలభై సంవత్సరాలు పాఠాలు చెప్పిన తరువాత, ఆనాడు ఒకరు చెప్పినట్లు చేయడంలో మాకు కలిగిన సంతోషం నిజమైనదే.

అయితే వినోదం కోసం ప్రాణిని నొప్పించవచ్చునా? దేవాలయ పత్రికలో ఈ ప్రశ్నను దాటవేయడం ఉచితం కాదు. శాకాహార వ్రతం గలవారికి సమాధానం స్పష్టమే. చేప తినే మన కుటుంబాలకు మాత్రం కొంత విచారణ అవసరం. మహాభారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడు మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుని వద్దకు వెళ్ళి ధర్మం నేర్చుకొన్నాడు. వృత్తిని చూచి మనిషిని కొలవరాదని ఆ కథ చెబుతున్నది. మా సరంగు కూడా ఒక ధర్మం చూపినాడు. రెండవసారి చిక్కిన హమూర్ చిన్నది కాగా, దానిని మెల్లగా నీటిలో విడిచినాడు. హమూర్ మొదట ఆడచేపగా పెరుగుతుంది. వాటిలో కొన్ని పెద్దవయిన తరువాత మగవిగా మారుతాయి. పెద్దవాటినే తీసుకొంటూ పోతే మగచేపలు కరవవుతాయి. చిన్నవాటిని తీసుకొంటే సంతానమే మిగలదు. హాలిబట్ విషయంలో మిక్కిలి పెద్దవి ఆడచేపలే. ఆ జాతిని కాపాడడానికి అమెరికా, కెనడా దేశాలు 1923లోనే ఉమ్మడి సంఘాన్ని ఏర్పరచుకొన్నాయి. అలాస్కాలో పలుచోట్ల, సొంతంగా వెళ్ళేవారి కంటె మార్గదర్శితో వెళ్ళేవారికే నియమాలు కఠినంగా ఉంటాయి. ఎరిగినవాడు తోడు ఉన్నప్పుడు పట్టు ఎక్కువగా ఉంటుంది గనుక హద్దు కూడా ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. కిరాయి చెల్లించినాము గదా, ఇంకా ఋణమేమిటి అని మా అల్లుడే అడిగినాడు. కిరాయి ఒక దినపు శ్రమకు వెల. ఆ దినం వెనుక ఉన్న జ్ఞానానికి అది పూర్తి వెల కాదు. చమురుకు ముందు కువైట్ ముత్యాల మీద బ్రతికిన ఊరు. నీట మునిగేవానిని గైస్ అనేవారు, పైనుండి అతని తాడు లాగేవానిని సైబ్ అనేవారు. క్రింద ఉన్నవాని ప్రాణం పైనున్నవాని చేతిలో ఉండేది. ముందుగా తీసుకొన్న అప్పు తీరక, వారిలో అనేకులు ఏటేటా అదే పడవకు కట్టుబడి ఉండేవారు. ముత్యాన్ని ధరించినవారికి వారి పేర్లు తెలియవు.

మన తీరంలోనూ ఇట్లే జరిగినది. పాట్రిక్ రస్సెల్ అనే పండితుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను స్థానిక నామాలతో సహా 1803లో లండన్‌లో ప్రకటించినాడు. అందులోని 'కనగుర్త' అనే మాట శాస్త్రనామంలో నిలిచి, నేటికీ ఆ చేపను లోకమంతా రాస్ట్రెల్లిజర్ కనగుర్త అని పిలుస్తున్నది. చేప పేరు మిగిలినది. దానిని చెప్పిన జాలరి పేరు అందులో లేదు.

ఈ మాట మాకు ఊరకే తట్టలేదు. మా ముత్తాత ఒప్పందకూలీగా మారిషస్ చేరినవాడు. కోరంగి రేవు పేరుతో మన వారిని అక్కడ కోరింగీలని పిలిచేవారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలసదారుల చిత్రాలను చూచినప్పుడు, ప్రతి ముఖానికి ఒక సంఖ్య తోడుగా ఉండడం మమ్మల్ని కలచివేసినది. చెరకు పండించినవారికి సంఖ్య దక్కినది, తోటకు యజమాని పేరు దక్కినది. అది చూచి బాధపడిన మేమే, కువైట్ పడవలో, ఒక మనిషిని మోచేయిగా మిగిల్చినాము. దినమంతా అతని పేరు అడగలేదు.

మనవడి వాక్యం అబద్ధమా? కాదు. విద్యార్థి వ్రాసిన జవాబును ఏ ఉపాధ్యాయుడూ తనదని చెప్పుకోడు. ఆగమన్నప్పుడు ఆగినదీ, లాగమన్నప్పుడు లాగినదీ బాలుడే. చేప వాడిదే. కాని ఆ చేపను గురించి చెప్పే కథ వాడొక్కడిదే కాదు. గెలుపును పంచుకోనక్కరలేదు, సత్యాన్ని దాచకూడదు.

మరునాడు ఫోను చేసి పేరు అడిగినాము. కొంతసేపు మౌనం. "ఎందుకు మాస్టారూ, ఏదైనా తప్పు జరిగిందా?" అని ఆయన భయపడినాడు. పేరు అడిగితే ఫిర్యాదు కోసమేనని అనుకొనే స్థితికి ఆయనను తెచ్చినవారిలో మేమూ ఉన్నామని సిగ్గు కలిగినది. సంగతి చెప్పగా నవ్వి, పేరు, ఊరు, తండ్రి పేరు కూడా చెప్పినాడు. ఆయన అనుమతి లేనందున ఇక్కడ వ్రాయడం లేదు.

ఇంతవరకు 'అతడు' అని వ్రాసి, ఇప్పుడు 'ఆయన' అంటున్నామని పిల్లలు గమనించే ఉంటారు. మేము కూడా ఫోను పెట్టేసిన తరువాతనే గమనించినాము. మనవడు తన వాక్యాన్ని కొట్టివేయలేదు. దాని కింద ఇంకొకటి చేర్చినాడు: 'ఆగమని చెప్పి పట్టించినది ఆయన.' ఆ పక్కన పేరు వ్రాసినాడు.

మీ ఇంటి చిత్రాలను కూడా ఒకసారి పిల్లలతో కూర్చొని చూడండి. అంచున ఎవరి చేయైనా కనిపిస్తే, పేరు అడగడానికి ఇంకా సమయం ఉండవచ్చు.