దొర అను మాట

చిట్గుప్పలో మన పొరుగు కన్నడిగులకు "దొరె" అంటే రాజు. తెలంగాణ నుండి వచ్చిన మనకు దొర అంటే గడీలోని భూస్వామి. ఒంగోలు వైపు మన బాప్టిస్టు పెద్దలకైతే క్లౌ దొర. 1878లో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిప్పించిన మిషనరీని జనం ప్రేమతో అలా పిలుచుకున్నారు. గడీ ముందు అదే మాట భయంతో వచ్చేది. భయంతో పలికినది మర్యాద కాదని మా అభిప్రాయము.

హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు 1949లో రద్దయ్యాయి గాని మాట పోలేదు. మొన్న సర్కారు కచేరీలో మన పెద్దాయన ఒకరు, మనవడి ఈడు గుమాస్తాను "దొరా" అన్నారు. అతడు సిగ్గుపడి కుర్చీ చూపించాడు. ఈయన కూర్చోలేదు. ఎందుకని బయట అడిగితే, "మీరు పాస్టరుగారి ముందు కూర్చుంటారా?" అని మమ్మల్నే అడిగారు. మేమింకా జవాబు చెప్పలేదు.