ధన్‌కుల్ నాదము

బస్తరు సీమలో వరికోతలు ముగిసిన పిదప 'లఛ్మీ జగార్' అను ధాన్యలక్ష్మీ కథాగానము జరుగును. పాడువారు గురుమాయిలనబడు స్త్రీలు. కుండపై చేటను, చేటపై వింటిని నిలిపి, గంట్లు గల వింటిబద్దను వెదురుపుల్లతో గీయుదురు. అదియే ధన్‌కుల్ వాద్యము. గురుమాయి సుక్‌దాయి గానము 2003లో గ్రంథముగా వెలువడినను, ఈ హల్బీ గాథ చూచి పాడునది కాదు; పరంపరగా నేర్చిన కథను గాయని అప్పటికప్పుడు పదములల్లుచు నడపును.

వినువారికి వినబడునది తమ యింటికి వచ్చుచున్న సిరి యడుగుల చప్పుడు. గాయని చెవి వేరొకచోట నుండును. రాబోవు చరణమేది? తోడిగాయని స్వరము కలిసినదా? వింటిగీత లయ తప్పలేదు గదా? అందరును దేవిని తలచుచుండ, ఆమె లయను కాచుచుండును. మరి ఆమెకు భక్తిరసాస్వాదము లేనట్లేనా?

అట్లు తలపరాదు. జగార్ అనగా జాగరణము. వినువారు భావముచే మేల్కొందురు. ఆమె శ్రద్ధచే మేల్కొనును. పదిమందికి దేవీకథను వినిపించుటకై తన యాస్వాదమును ప్రక్కన నుంచుటయే ఆమె నైవేద్యము. ఉత్సవమునాడు వంటశాలలో ప్రసాదము వండుచు హారతిని చూడలేకపోయిన గృహిణియు తనకు దర్శనము కాలేదని చింతింపవలదు. ఆమె చేతిపనిలోనే ఆ దర్శనము కలదు.