సముద్రయానమును ధర్మమును

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో జేర్చినది. అయినను 1879లో హుగ్లీ నది యొడ్డునున్న కలకత్తా రేవున లియోనిదాస్ అను ఓడ నెక్కి, అయిదేండ్ల గిర్మిట్ ఒడంబడికకు గట్టుబడి ఫిజీ ద్వీపములకు బోయిన కూలీలు, ఒకే వంటశాలలో వండిన యన్నమును కులభేద మెంచక ప్రక్కప్రక్కన గూర్చుండి భుజించి, ‘జహాజీభాయి’ (ఓడ సోదరుడు) అను నూతన బాంధవ్యమును గల్పించుకొనిరి. ఎంత గొప్ప సంగతి! 1903 మొదలు మదరాసునుండి వెళ్లిన మన తెలుగువారును, చీకటితోనే లేచి వండుకొని, చెరకుతోటలలో ఓవర్సీరు కొలిచి యిచ్చిన పనిని దినమెల్ల చేసి అలసియు, దైవమును మరువక, తమిళ మలయాళ సోదరులతో గూడి 1926లో సన్మార్గ ఐక్య సంఘమును నెలకొల్పుకొనిరి. ధర్మము మట్టి నంటియుండునదే యైనచో హుగ్లీ యొడ్డుననే నిలిచిపోవలసినది, నిలువలేదు. వారిని పతితులనుట శాస్త్రమైనను అన్యాయమే.